ఆమడకి ఒక వేలు వెడల్పు

అక్క దగ్గర చేరిన కొత్తలో నాకు అప్పజెప్పిన మొదటి పని ఒక లిస్టు రాయడం. ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’ చేతిలో పెట్టి, మద్రాసు నుంచి కాశీ దాకా ఆయన ఎక్కడెక్కడ మజిలీ చేశారో, ఊరికీ ఊరికీ మధ్య ఎన్ని ఆమడల దూరమో, అక్కడ నీళ్లూ సరుకులూ బసా ఎలా ఉన్నాయని రాశారో వరసగా ఒక పొడవాటి కాగితం మీద దింపమంది. నేను ఫైన్ ఆర్ట్స్ చదివి బయటికి వచ్చిన రోజులవి. డిజైనర్ దగ్గర పని అంటే ముందు పెన్సిల్ పట్టాలనుకున్నాను. “గీయడం తర్వాత. ముందు ఆయనతో పాటు నడు” అంది అక్క.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. ఆమె దగ్గర పనిచేసినవాళ్లందరం అలాగే పిలిచేవాళ్లం. అహ్మదాబాద్‌లో డిజైన్ చదువుకుని, కొన్నాళ్లు పెద్ద కంపెనీల్లో పనిచేసి, అది సరిపడక రాజమండ్రి వచ్చేసింది. గోదావరి గట్టుకి దగ్గర్లో ఒక పాత పెంకుటింట్లో వర్క్‌షాప్ పెట్టింది. చదివిన పుస్తకాన్ని, తిరిగొచ్చిన దారిని వస్తువుగా చేసేది. చేత్తో పట్టుకుని, విప్పి, తిప్పి చూసే వస్తువు. గోడకి తగిలించి దూరం నుంచి చూసే వాటి మీద ఆమెకి పెద్దగా మోజు ఉండేది కాదు. దారి అనేది కాళ్లకీ చేతులకీ తెలియాలని ఆమె పట్టుదల.

అంతకుముందు ఆమె చేసినవాటిలో నాకు బాగా నచ్చింది ఒక కర్ర. మూరెడు పొడవు, రూళ్ల కర్ర కంటే కాస్త లావు, ఒళ్లంతా లక్క పట్టీలు. అది అరకు రైలు. విశాఖ నుంచి అరకు వెళ్లే దారి కొత్తవలస-కిరండూల్ లైనులో భాగం. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960లలో కొండల్ని తొలిచి వేసిన లైను అది. ఆ దారిలో 58 సొరంగాలు ఉన్నాయని చెబుతారు. అందరూ కిటికీ దగ్గర చేరి లోయలు చూస్తుంటే, అక్క నోట్‌బుక్‌లో గీతలు గీసుకుంటూ కూర్చుందట. సొరంగంలో ఉన్నంతసేపూ పెన్సిల్ కాగితం మీద కదులుతుంది, వెలుగులోకి రాగానే పైకి లేస్తుంది. పొడుగు గీత, పొట్టి గీత, మధ్యలో ఖాళీ. ఆ నోట్‌బుక్ నేను చూశాను. రైలు కుదుపులకి వంకర్లు తిరిగిన గీతలే తప్ప పేజీ మీద ఒక్క కొండ బొమ్మ లేదు.

ఆ గీతల్ని పట్టుకుని వరాహ నది ఒడ్డున లక్కబొమ్మలు చేసే ఊరు ఏటికొప్పాక వెళ్లింది. అంకుడు కర్రని లేత్ మీద గిర్రున తిప్పుతూ, దానికి లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకు పెట్టి నొక్కితే నునుపు తేలి మెరుస్తుంది. సొరంగం ఉన్నచోట నల్ల లక్క, వెలుగు ఉన్నచోట ఆకుపచ్చ, పసుపు. ఇంతవరకూ ఎవరికైనా తట్టే ఆలోచనే. అక్క నల్ల పట్టీ ఉన్నచోటల్లా కర్రని గోరు మందాన లోపలికి తీయించింది. కళ్లు మూసుకుని బొటనవేలు పోనిస్తే సొరంగం వచ్చినప్పుడు వేలు దిగుతుంది, బయటికి రాగానే పైకి లేస్తుంది.

దాన్ని చేసిన పెద్దాయన మొదట, “ఏటమ్మా ఇది? లక్కపిడతా కాదు, బొంగరమూ కాదు” అన్నాడట. “రైలు తాతా. కళ్లు మూసుకుని వేలు పోనియ్యి” అని చెప్తే, అలాగే చేసుకుంటూ పోయి, కొంతదూరం వెళ్లాక ఆగి, “బొర్రా కాడికొచ్చీసినాం గదా!” అన్నాడట. ఈ మాట అక్క ఎన్నిసార్లు చెప్పినా ముఖం వెలిగిపోయేది. ఏ పత్రికలో తన గురించి రాసినా ఆమె అంత సంతోషపడటం నేను చూడలేదు.

ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పుడు, 2023లో అక్కడి సహజ రంగుల కోసం ఏళ్ల తరబడి పాటుపడ్డ సి.వి. రాజు గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు నాకు ఆ కర్రే గుర్తొచ్చింది. పసుపు కొమ్ము నుంచి, నీలిమందు నుంచి, జాఫ్రా గింజల నుంచి తీసిన రంగులు. అక్క పనులు నిలబడ్డాయంటే అలాంటి చేతులు, అలాంటి రంగులు ఉన్నాయి కాబట్టే.

లిస్టు సంగతికి వస్తాను. వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసేవారు. 1830 మే 18న సుమారు వంద మంది పరివారంతో బయల్దేరి, 1831 సెప్టెంబర్ 3న తిరిగి ఇల్లు చేరారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ మీదుగా కాశీ. అటునుంచి గయ, కలకత్తా, పూరీ, తర్వాత సముద్రం పక్కగా కిందికి. తిరుగు ప్రయాణంలో మా రాజమండ్రి కూడా ఉంది. దారిలో చూసిందంతా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై గారికి రాస్తూ వచ్చారు. పిళ్లై గారే దాన్ని 1838లో అచ్చువేయించారు. అప్పటికి వీరాస్వామయ్య గారు లేరు. నేను గౌతమీ గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నది మాత్రం దిగవల్లి వేంకట శివరావు గారు పరిష్కరించిన ప్రతి, 1941 నాటిది.

ఆ పుస్తకాన్ని లిస్టు రాయడం కోసం చదవడం వల్ల నాకు ఒక మేలు జరిగింది. క్షేత్రాల వర్ణనలు వచ్చినచోట ఆగిపోకుండా, మామూలుగా ఎవరూ పట్టించుకోని వాక్యాల మీద వేలు పెట్టుకుంటూ వెళ్లాను. ఈ ఊళ్లో నీళ్లు బాగున్నాయి, ఈ ఊళ్లో దుకాణాలు ఉన్నాయి, ఇక్కడ దిగడానికి చోటుంది, ఇక్కడి నుంచి దారి రాళ్లు. వంద మందిని వెంటబెట్టుకుని బయల్దేరిన మనిషికి రోజూ పొద్దున్నే ఉండే టెన్షన్ అదే కదా, ఇవాళ వీళ్లందరికీ నీళ్లెక్కడ, నీడెక్కడ అని. తన వెనకాల వచ్చేవాళ్లకి పనికొస్తుందని అంత ఓపిగ్గా రాసిన ఆ మనిషి మీద నాకు అప్పుడు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

లిస్టు పూర్తయ్యాక అక్క దాన్ని గోడ పొడుగునా అంటించి, ఆమడకి ఒక వేలు వెడల్పు చొప్పున పెన్సిల్‌తో అడ్డగీతలు కొట్టింది. కొన్ని గదులు ఇరుకు, కొన్ని వెడల్పు. ఊళ్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. అడవి దారి ఉన్నచోట బోలెడంత ఖాళీ. చూస్తూనే నాకు అర్థమైంది, దీన్ని పటంగా చేయబోతోందని. మనం స్కూల్లో చూసే మ్యాపు లాంటిది కాదు, చేర్యాల పటం. ఒక గది తర్వాత ఒక గది విప్పుకుంటూ కథ చెప్పేది.

చేర్యాల నకాషీలు తరతరాలుగా పటాలు వేసింది కథలు చెప్పేవాళ్ల కోసం. కూనపులివాళ్లు పద్మశాలీల వాడల్లో ఇలాంటి పటం కట్టే మార్కండేయ పురాణం చెబుతారు. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఒక్కో పటం. పదుల అడుగుల పొడవు ఉండేవి. నూలు గుడ్డకి గంజి, సుద్దమన్ను, చింతగింజల జిగురు కలిపి పూతలు పూతలుగా పట్టించి ఆరబెడితే అది తోలులా గట్టిపడుతుంది. దాని మీద ఎర్రని నేల, ఆ ఎరుపు మీద మనుషులు.

మేము చేర్యాల వెళ్లింది ఎండలు ముదిరిన రోజుల్లో. అక్కడి పెద్దాయన లిస్టు కాగితాన్ని నేల మీద పరిపించుకుని, మోకాళ్ల మీద వంగి మొత్తం చదివించుకున్నాడు. అంతా విని, “గీ కథల దేవుడు యాడున్నడు బిడ్డా?” అన్నాడు.

“కాశీలో ఉన్నాడు బాబాయ్. అక్కడిదాకా పోవాలి” అంది అక్క.

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. “గట్లయితే గక్కడిదాంక మోసినోళ్లదే కథ” అన్నాడు.

ఆ ఒక్క మాటతో పటం మారిపోయింది. అక్క స్కెచ్‌లో పల్లకీ పెద్దగా, లోపల వీరాస్వామయ్య గారు స్పష్టంగా ఉన్నారు, బోయీలు చిన్నగా వరసలో ఉన్నారు. పెద్దాయన వేసిన పటంలో బోయీలు గది నిండా ఉన్నారు. భుజం మీద బొంగు, మడిచి పెట్టుకున్న గుడ్డ, ఉబ్బిన పిక్కలు, చేర్యాల పద్ధతిలో పెద్ద పెద్ద కళ్లు. పల్లకీలో ఉన్నాయన కిటికీలోంచి కనిపించే అరచేయంత ముఖం మాత్రమే. “గంత దూరం మోసినోళ్లు శిన్నగుంటె ఎట్ల?” అన్నాడు. అక్క తన స్కెచ్‌ని మడిచి సంచిలో పెట్టేసింది. మళ్లీ బయటికి తీయలేదు.

అడవి దారి గదుల దగ్గర మాత్రం ఇద్దరికీ కుదరలేదు. అక్కకి అక్కడ ఏమీ వద్దు, ఎర్రటి ఖాళీ చాలు. చూసేవాళ్లు చుట్ట తిప్పుతూ పోవాలి, ఏమీ రాకూడదు, ఇంకా ఎంతసేపని అనిపించాలి. పెద్దాయనకి ఖాళీ అంటే పని పూర్తికానట్టే. పటంలో ఖాళీ ఉంచితే కథ చెప్పేవాడు నోరు మూసుకోవాలా అన్నాడు. ఆ వాదన సాయంత్రం దాకా నడిచింది. చివరికి ముళ్లచెట్లు దూరదూరంగా వేసి, ఒకచోట వెనక్కి తిరిగి చూస్తున్న నక్కని వేశాడు. ఎరుపు అలాగే మిగిలింది, కథ చెప్పేవాడికి ఒక మాటా దొరికింది. నా దృష్టిలో ఆ పటం మొత్తంలో అన్నిటికంటే మంచి గది అదే.

పటానికి రెండు చివరలా ఏటికొప్పాకలో చేయించిన లక్క కర్రలు తగిలించాం. ఒక చేత్తో విప్పుతూ ఇంకో చేత్తో చుట్టుకుంటూ పోవాలి. నాగపూరు దాటకుండా కాశీ కనపడదు. ఎగ్జిబిషన్‌లో పెట్టినప్పుడు కొంతమంది ఆఖరి గదికి త్వరగా వెళ్లాలని తిప్పేసేవాళ్లు, చేతులు నొప్పెట్టి మధ్యలో ఆగేవాళ్లు. ఆగినచోట ఎవరో ఒక బోయీ వాళ్లకేసి చూస్తుండేవాడు. అక్క కోరుకున్నది సరిగ్గా అదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈమధ్య పద్యపాదాలు అచ్చువేసిన కప్పులు, సంచులు, టీషర్టులు చాలా వస్తున్నాయి. తెలుగు అక్షరం నలుగురి కళ్లలో పడుతోంది, అందుకు నాకు సంతోషమే. కానీ కప్పు మీద పద్యం వేసినంత మాత్రాన ఆ పద్యం కప్పు అవదు. ఆ పద్యం తీసేసి ఇంకోటి వేసినా కప్పు అలాగే ఉంటుంది. అక్క చేసినవాటిలో పుస్తకాన్ని తీసేస్తే వస్తువే ఉండదు. గదుల వెడల్పు వీరాస్వామయ్య గారి ఆమడల లెక్క, కర్ర మీద గుంటలు ఆ రైలు దారి లెక్క. ఈ తేడా నాకు ఆమె మాటల్లో చెప్పలేదు, పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది.

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది కిన్నెరసాని.

విశ్వనాథ సత్యనారాయణ గారి ‘కిన్నెరసాని పాటలు’ తెలియనివాళ్లు అరుదు. అత్త పెట్టే ఆరళ్లు భరించలేక ఇల్లు విడిచి అడవిలోకి వెళ్లిపోయిన కోడలు నీరై పారిపోతుంది. వెంట వచ్చిన భర్త రాయైపోతాడు. ఆ వాగు నిజంగానే ఉంది, భద్రాచలం ప్రాంతపు అడవుల్లో పారి గోదావరిలో కలుస్తుంది. పాల్వంచ దగ్గర దాని మీద ఇప్పుడు డ్యామ్ కూడా ఉంది. వానలు పడ్డాక ఒకసారి అక్కా నేనూ వెళ్లాం. బండల మధ్య నీళ్లు ఎగిరెగిరి పడుతున్నాయి. అక్క ఒక రాతి మీద కూర్చుని ఆ పాటలు పైకి చదివింది. నీళ్ల హోరులో నాకు సగం వినపడలేదు. ఫొటోలు తీయలేదు, స్కెచ్ వేయలేదు. తిరిగొస్తూ అరచేతిలో ఇమిడే నల్లరాయి ఒకటి సంచిలో వేసుకుంది.

తర్వాత చాలాకాలం ఆ రాయి వర్క్‌షాప్ బల్ల మీద ఊరికే ఉండేది. నదిని ఎలా చూపించాలన్నదే ఆమె బాధ. నీలం రంగు వేస్తే నది అయిపోదు. అలలు గీస్తే క్యాలెండర్ బొమ్మ అవుతుంది. ఒకరోజు శ్రీకాళహస్తి నుంచి వచ్చిన కలంకారీ గుడ్డ ఒకటి ఆరేస్తూ, “దీన్ని ఏటిలో ఉతికారు కదూ” అంది. అంతే, మర్నాడే బయల్దేరదీసింది.

కలంకారీ సగం నీళ్ల పని. ముందు గుడ్డని కరక్కాయ రసం, పాలు కలిపిన దాంట్లో నానబెట్టి ఎండేస్తారు. పాలల్లో జిడ్డు ఉండబట్టి రంగు పక్కకి పాకదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో గీత గీస్తారు. వెదురు కలానికి ఉన్ని చుట్టి, దారంతో బిగించి, దాన్ని రంగులో ముంచి వేళ్లతో మెల్లగా నొక్కుతూ గీస్తుంటే రంగు దిగుతుంది. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీరే నలుపు. ఎరుపు రావాల్సినచోట పటిక నీళ్లు రాసి, తర్వాత రంగునిచ్చే మొక్కల వేళ్లతో ఉడకబెడతారు. ప్రతి దశ తర్వాతా ఉతకాలి, అదీ పారే నీటిలో. నిలవ నీటిలో ఉతికితే గుడ్డ వదిలిన పటికా రంగూ మళ్లీ దానికే అంటుకుని మరకలు పడతాయి. పారే నీరయితే ఎక్కువైనదాన్ని తీసుకుపోతుంది.

అక్కకి కావలసింది అదే. నదిని గీయక్కర్లేదు, నది చేత పని చేయించుకోవాలి. కానీ శ్రీకాళహస్తి పక్కన పారే స్వర్ణముఖిలో ఏడాదిలో చాలాకాలం ఇసకే. బోరు నీళ్లతో కానిచ్చేద్దామా అని కళాకారుడు అడిగితే, అక్క ససేమిరా అంది. ఏట్లో నీళ్లు వచ్చేదాకా ఆ గుడ్డ సగం పనితో మడతపెట్టి ఉండిపోయింది. “ఇంత మంకుపట్టు దేనికమ్మా, బట్ట బట్టే కదా” అని ఆయన విసుక్కున్నాడు కూడా. వానలు పడి ఏరు పారిన రోజు ఫోన్ చేసింది మాత్రం ఆయనే. “నీళ్లొచ్చినాయి, రండి” అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు.

మోకాళ్ల లోతు నీళ్లలో ఇద్దరు మనుషులు ఆ పొడవాటి పేలికని చెరో చివర పట్టుకుని నిలబడ్డారు. గుడ్డ నీటివాలుకి సాగింది. దాని నుంచి గోధుమరంగు నీరు పాయలా విడివడి కిందికి పోయింది. చూస్తుండగానే నల్ల గీతలు తేటపడ్డాయి. అక్క చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని తానూ దిగింది. ఆ గుడ్డ మీద ఒక చివర గీతలు గోడలా బిగుసుకుని ఉంటాయి. ముందుకి పోయేకొద్దీ వదులై, సన్నబడి, చివరికి ఉతుకు మాత్రమే మిగిలిన తెల్లటి బట్ట. కోడలి బొమ్మ లేదు, అత్త బొమ్మ లేదు. బిగుసుకున్న చివరకి ఆ నల్లరాయిని కట్టింది. నేల మీద రాయి, దాని నుంచి పైకి సాగిపోయే గుడ్డ.

రాజమండ్రిలోనే దాన్ని మొదటిసారి చూపించాం. రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన వచ్చి, వంగి, ఆ రాయి మీద చెయ్యి వేసి, పాట అందుకున్నారు. పుస్తకం లేకుండా, ఒక్కచోట తడబడకుండా పాడుకుంటూ పోయారు. హాల్లో మాటలు ఆగిపోయాయి. కాలేజీ పిల్లలు ఫోన్లు కిందికి దించి విన్నారు. ఆయన పాడటం అయ్యాక ఒక అమ్మాయి వచ్చి, “ఈ పుస్తకం ఎక్కడ దొరుకుతుందక్కా?” అని అడిగింది. అక్క తన కాపీనే ఇచ్చేసింది. మార్జిన్ల నిండా ఆమె రాసుకున్న నోట్సు ఉన్న కాపీ అది. నా ప్రాణం ఉసూరుమంది, ఆమె మాత్రం తేలిగ్గా తీసుకుంది.

ఇప్పుడు అక్క కూతురి దగ్గర బెంగుళూరులో ఉంటోంది. చేతులు వణుకుతాయి, కలం పట్టుకోలేదు. పెంకుటిల్లు చేతులు మారింది. కిన్నెరసాని గుడ్డ ఒక సేకర్త దగ్గరికి వెళ్లింది. చేర్యాల పటమూ అరకు కర్రా నా దగ్గర ఉన్నాయి. ఇంటికొచ్చిన పిల్లలకి కర్ర ఇచ్చి కళ్లు మూసుకోమంటాను. ఏడేళ్ల పిల్ల ఒకతి, ఎవరూ చెప్పకుండానే, గుంట వచ్చిన ప్రతిసారీ రైలు కూత వేసింది. ఆ సంగతి ఫోన్లో చెప్తే అక్క చాలాసేపు నవ్వింది.

నేనూ ఇప్పుడు ఒక పని మొదలుపెట్టాను. మా బంధువుల ఇంట్లో అటక మీద దొరికిన చిన్న లెక్కల పుస్తకం ఒకటి నా చేతికొచ్చింది. ఆ ఇంటి ముత్తవ్వ కాశీ వెళ్లొచ్చినప్పుడు రాయించిన ఖర్చులు. ప్రయాణం గురించి ఒక్క వర్ణన లేదు. రైలు టిక్కెట్లు, పడవవాడికి, పూలకి, మధ్యలో ఒకచోట ‘పోయిన చెంబు బదులు కొత్త చెంబు’. ఆవిడ కాశీని చూసిన తీరు నాకు ఆ పద్దులోనే దొరికింది. ఆ పుస్తకంలోని ఖర్చులన్నిటినీ ఒకదాని మీద ఒకటి కూర్చునే లక్క భరిణెలుగా చేయాలని ఉంది. పెద్ద ఖర్చుకి పెద్ద భరిణె, చిన్న ఖర్చుకి చిన్నది, చెంబు పోయినచోట మూత మాత్రమే ఉండి అడుగు లేనిది ఒకటి. కొలతలన్నీ రాసుకున్నాను. ఏటికొప్పాకలో ఆ పెద్దాయన లేత్ మీద ఇప్పుడు వాళ్లబ్బాయి కూర్చుంటున్నాడు. అడుగు లేని భరిణె ఎందుకని అతను ఫోన్లోనే అడిగాడు. వచ్చే నెల వెళ్లి, ఆ పేజీ చదివి వినిపించి, అప్పుడు కర్ర ఎక్కిద్దామని చెప్పాను.